కడపటి అవుట్ వరకు

ఆటను చూచుట వేరు, ఆటను వినుట వేరు అని మనము సాధారణముగా తలంచుచుందుము. ఇంట రేడియో ముందు కూర్చున్నవారికి వ్యాఖ్యాత కన్నులే కన్నులు. మైదానమునకు పోయినవారికి తమ కన్నులే చాలునుగదా! కాని అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున 1958వ సంవత్సరమున ఒక వింత జరిగినది. ఆ ఏట బ్రూక్లిన్ నుండి తరలివచ్చిన డాడ్జర్స్ అను బేస్‌బాల్ జట్టు, 1932 ఒలింపిక్ క్రీడలు జరిగిన కొలీసియమ్ అను మహాక్రీడాంగణమున ఆడసాగెను. ఆ క్రీడాంగణము బేస్‌బాల్‌కై కట్టినది కాదు. వెనుక వరుసలవారికి ఆటగాండ్రు చీమలవలె కనబడుచుండిరి. అప్పుడు వేలకొలది ప్రేక్షకులు చిన్న ట్రాన్సిస్టరు రేడియోలను వెంట తెచ్చుకొని, తమ యెదుట జరుగుచున్న ఆటనే వ్యాఖ్యాత విన్ స్కలీ నోట వినసాగిరి. 1960లో ఒకనాడు, ఆ దినము అంపైరు ఫ్రాంక్ సెకోరీ జన్మదినమని తెలిసి, తాను మూడు లెక్కించగనే అందరును శుభాకాంక్షలు పలుకవలెనని స్కలీ రేడియోలో కోరెను. మూడు అనగనే మైదానమెల్ల ఒక్క గొంతుతో పలికినది. పాపము, ఆ అంపైరు దిగ్భ్రమ చెందెను.

మన దేశమునను టెస్టు క్రికెట్ చూడబోయినవారు పలువురు ట్రాన్సిస్టరును చెవికి ఆనించుకొని కూర్చున్న దినములు పాఠకులలో కొందరికైనను జ్ఞప్తికి వచ్చును. కన్నులయెదుట ఆట యుండగా రేడియో యెందులకు? ఇంటనే హాయిగా విని, చూడగలిగిన ఆటకై అంత వ్యయప్రయాసల కోర్చి మైదానమునకు పోవుట యెందులకు? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్కటే యని మాకు తోచుచున్నది. బేస్‌బాల్ ప్లేఆఫ్ పోటీకి పోవు సామాన్య ప్రేక్షకుని అనుభవమును ఆధారముగా గొని దానిని వివరింప యత్నింతుము.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. క్రికెట్ నెరిగినవారికి బేస్‌బాల్ దూరపు బంధువు వంటిది. జట్టునకు తొమ్మండుగురు. మైదానము ఒక మూలనుండి విసనకఱ్ఱవలె విచ్చుకొనియుండును. ఆ మూలయే హోమ్ ప్లేటు. బ్యాటు పట్టినవాడు, అనగా బ్యాటరు, నిలుచుచోటు అదియే. అచ్చటినుండి 90 అడుగుల కొకటి చొప్పున మూడు బేసులు చతురస్రాకారమున అమర్చియుండును. బ్యాటరు బంతిని కొట్టి, ఆ మూడు బేసులను వరుసగా తాకి, మరల హోమ్ ప్లేటును చేరినచో ఒక పరుగు. పిచ్చరు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి బంతి విసరును. సరియైన బంతిని కొట్టక విడిచినను, కొట్టబోయి తప్పినను అది స్ట్రైక్. మూడు స్ట్రైకులు పడినచో అవుట్. కొట్టదగని బంతులు నాలుగు వచ్చినచో బ్యాటరు తీరికగా నడచి మొదటి బేసునకు పోవచ్చును. ముగ్గురు అవుటైనంతనే జట్టు వంతు ముగియును. రెండు జట్లును చెరియొక వంతు ఆడినచో ఒక ఇన్నింగ్స్. అట్టివి తొమ్మిది. సరియైన హద్దుల నడుమ బంతి గోడ దాటి ప్రేక్షకులలో పడినచో అది హోమ్‌రన్. అప్పుడు బ్యాటరుతోపాటు బేసులపై నున్నవారందరును పరుగులు పొందుదురు. మూడు బేసులపైనను మనుష్యులు నిలిచియుండగా హోమ్‌రన్ కొట్టినచో ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. దానిని గ్రాండ్ స్లామ్ అందురు.

ఈ ఆటలో గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆట మొత్తమునకు గడియారము లేదు. పిచ్చరు ఒక్కొక్క బంతిని నిర్ణీతమైన కొన్ని సెకండ్లలో విసరవలెనను నియమము 2023లో వచ్చినది గాని, ఇన్ని గంటలకు ఆట ముగియవలెనను నియమము లేదు. ఫుట్‌బాల్‌లో ముందంజలో నున్న జట్టు బంతిని అటునిటు త్రిప్పి కాలము గడుపవచ్చును. క్రికెట్ టెస్టులో సాయంకాలము వరకు వికెట్లు కాపాడుకొని డ్రాతో బయటపడవచ్చును. ఇచ్చట అట్టి దారి లేదు. పది పరుగుల ఆధిక్యమున్నను, గెలువదలచిన జట్టు కడపటి అవుటును తీయవలసినదే. తొమ్మిది ఇన్నింగ్సులు ముగియునప్పటికి పరుగులు సమముగా నున్నచో పదవది, పదునొకండవది, అట్లు తేలువరకు సాగించవలసినదే. డాడ్జర్ స్టేడియమున 2018 అక్టోబరు 26న ఆరంభమైన వరల్డ్ సిరీస్ మూడవ పోటీ 18 ఇన్నింగ్సులు, 7 గంటల 20 నిమిషములు సాగి అర్ధరాత్రి దాటినపిమ్మట ముగిసెను. 2025లో అదే మైదానమున మరల అట్టి 18 ఇన్నింగ్సుల పోటీ జరిగినది. కడపటి అవుట్ పడువరకు ఏదియు తీరలేదనుట ఈ ఆటకు వేదాంతము కాదు, నిబంధన.

ఇక ప్లేఆఫ్ అననేమి? అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అను రెండు కూటములలో కలిపి 30 వృత్తి జట్లు గలవు. వసంతమున మొదలిడి సెప్టెంబరు నెలాఖరు వరకు ఒక్కొక్క జట్టు 162 పోటీలాడును. అనగా దాదాపు ప్రతిదినమును ఆటయే. 2022 నుండి ఒక్కొక్క లీగునకు ఆరు చొప్పున 12 జట్లు అక్టోబరు పోటీలకు అర్హత పొందుచున్నవి. మొదటి అంచెలో మూడు పోటీలలో రెండు, రెండవ అంచెలో అయిదింటిలో మూడు, పిదప లీగు విజేతను తేల్చుటకు ఏడింటిలో నాలుగు గెలువవలెను. ఇరు లీగుల విజేతలును వరల్డ్ సిరీస్‌లో తలపడుదురు. అచ్చటను ఏడింటిలో నాలుగు గెలిచినవారే విజేతలు.

వేసవిలో జట్టు ఓడినచో అభిమాని ఇంటికి పోయి భోజనము చేసి నిద్రించును. మరునాడు మరియొక ఆట యుండును. అక్టోబరులో మరునాడు లేకపోవచ్చును. ఆరు నెలల శ్రమ ఒక్క బంతితో ముగిసిపోవచ్చును. పండ్రెండు జట్లలో పదునొకండు ఓటమితోనే ఆ ఏటిని ముగింపవలెను. కావున ప్లేఆఫ్‌నకు టిక్కెట్టు కొనువాడు సంతోషమును కొనుట లేదు. ఎక్కువపాళ్ళు దుఃఖమునకే సిద్ధపడి పోవుచున్నాడు. అట్లు తెలిసియు పోవుటయే అభిమానము.

అట్లు పోయి, కడపటి అవుట్ పడకమునుపే లేచిపోయినవారి కథ యొకటి కలదు. డాడ్జర్స్ 1962 నుండి తమ సొంత స్టేడియమున ఆడుచున్నారు. అది నగరము ప్రక్కనున్న కొండమీద కట్టబడినది. 56,000 మంది కూర్చుండవచ్చును. చుట్టును 16,000 కార్లు నిలుపుటకు చోటు కలదు. ఆట ముగిసినంతనే అన్ని కార్లును ఒక్కమారు కదలినచో కొండ దిగుటకు ఎంతసేపు పట్టునో ఊహింపవచ్చును. అందుచేత ఆట ముగియకముందే లేచిపోవుట లాస్ ఏంజెలెస్ ప్రేక్షకులకు అలవాటని ఇతర నగరములవారు పరిహాసమాడుచుందురు.

1988 అక్టోబరు 15న ఆ స్టేడియమున వరల్డ్ సిరీస్ మొదటి పోటీ జరిగినది. తొమ్మిదవ ఇన్నింగ్స్ రెండవ సగమున ఓక్లండ్ అథ్లెటిక్స్ జట్టు 4–3 ఆధిక్యముతో నుండెను. డాడ్జర్స్ బ్యాటర్లు ఇద్దరు అవుటైరి. విసరువాడు డెన్నిస్ ఎకర్స్‌లీ. పోటీ చివర వచ్చి గెలుపును భద్రపరచు పిచ్చర్లలో ఆ ఏట అతనిదే అగ్రస్థానము. డాడ్జర్స్ ప్రధాన బ్యాటరు కర్క్ గిబ్సన్‌కు రెండు కాళ్ళకును దెబ్బలు తగిలియుండెను. అతడు లోపలి గదిలో కూర్చుండి టెలివిజన్‌లో ఆట చూచుచుండెను. గిబ్సన్ ఈ రాత్రి ఆడజాలడని స్కలీ టెలివిజన్ వ్యాఖ్యానమున పలికిన మాట అతని చెవిన బడెను. ఆ మాటతో పౌరుషము హెచ్చి లేచితినని గిబ్సన్ అనంతరము చెప్పుకొనెను. ముందరి బ్యాటరు నాలుగు చెడ్డ బంతులతో మొదటి బేసునకు నడచెను. అప్పుడు గిబ్సన్ కుంటుచు మైదానమునకు వచ్చెను.

పరుగిడుటకు కాళ్ళు లేనివాడు బేసులు చుట్టవలెనన్నచో బంతిని గోడ దాటించుటయొక్కటే గతి. రెండు స్ట్రైకులు పడినవి. మూడు చెడ్డ బంతులు వచ్చినవి. ఆపైన విసరిన బంతిని గిబ్సన్ చేతుల బలముతోనే కొట్టగా అది కుడివైపు వరుసలలో పడెను. డాడ్జర్స్ 5–4 తో గెలిచిరి. ఆ సిరీస్‌లో గిబ్సన్ మరల బ్యాటు పట్టనేలేదు. అయినను ఆ ఒక్క దెబ్బ నేటికిని చెప్పుకొనబడుచున్నది.

ఆనాటి టెలివిజన్ చిత్రమును పరిశీలించినవారికి మరియొక దృశ్యము కనబడును. బంతి పడుచున్న వరుసలకు వెనుక, చీకటిలో, వెలుపలికి పోవుచున్న కార్ల ఎఱ్ఱని దీపములు వెలుగుచున్నవి. టిక్కెట్టు కొని, గంటలతరబడి కూర్చుండి, ఒక్క అవుట్ మిగిలియుండగా లేచిపోయినవారివి ఆ కార్లు. వారెవరో లోకమెరుగదు. వారిలో కొందరు కారు రేడియోలో ఆ వార్త వినియే యుందురు. ఇంట కూర్చుండి విన్నవానికి లేని వెలితి వారికి కలుగును. ఇంటివాడు రాలేకపోయెను. వీరు వచ్చి, ఉండలేకపోయిరి. ట్రాఫిక్ తప్పించుకొనుటకై వారు చెల్లించిన వెల ఎంతయో వారికే తెలియును.

ఆ రాత్రి స్కలీ చేసిన పనికూడ స్మరింపదగినది. బంతి గోడ దాటెనని చెప్పినపిమ్మట అతడు ఒక నిమిషమునకు పైగా పెదవి విప్పలేదు. ఆ సేపంతయు జనఘోషనే వినిపించెను. మాటలతో బ్రతుకువాడు అట్టి వేళ మౌనము వహించుట సామాన్యము కాదు. దీనికి మూలము అతని బాల్యమున నున్నది. ఎనిమిదేండ్ల వయసున న్యూయార్క్‌లో తన యింటనున్న నాలుగు కాళ్ళ పెద్ద రేడియో క్రిందికి దూరి పరుండి, ఫుట్‌బాల్ ప్రసారములు వినుట అతనికి అలవాటు. ఆటకంటె జనుల హోరే తనపై జలధారవలె కురియుచుండెడిదనియు, ఆ హోరుమీది వలపే తన్ను వ్యాఖ్యాతగా చేసెననియు అతడు పలుమారు చెప్పుకొనెను. 1950 నుండి 2016 వరకు 67 ఏండ్లు డాడ్జర్స్ ఆటలను వినిపించి, 2022లో 94వ యేట స్వర్గస్థుడయ్యెను.

ఇక మనము ఇటీవలి యొక పోటీకి ప్రేక్షకులతోపాటు లోనికి పోవుదము. అది 2024 అక్టోబరు 25, శుక్రవారము సాయంకాలము. అదే డాడ్జర్ స్టేడియము. న్యూయార్క్ యాంకీస్ జట్టుతో వరల్డ్ సిరీస్ మొదటి పోటీ. యాబది వేలకు పైగా జనము. నీలిచొక్కాల వెల్లువ కొండనెక్కుచున్నది. ఆ కొండమీద పూర్వము పేద మెక్సికన్ అమెరికన్ కుటుంబముల యిండ్లు ఉండెడివి. గృహనిర్మాణ పథకమొకటి కట్టుదుమని 1950 దశకమున వారిని ఖాళీ చేయించిరి. ఆ పథకము సాగలేదు. కడకు ఆ భూమిపై క్రీడాంగణము లేచినది. ఆ గాయము వలన చాలకాలము ఆ జనులలో పలువురు ఈ గుమ్మము త్రొక్కలేదు. 1981లో మెక్సికో గ్రామమునుండి వచ్చిన ఫెర్నాండో వలెన్స్వేలా అను ఇరువదేండ్ల పిచ్చరు తన మొదటి ఎనిమిది పోటీలను వరుసగా గెలిచినప్పుడు వారు వేలకు వేలు తరలివచ్చిరి. ఆటనుండి విరమించినపిమ్మట ఆయన స్పానిష్ భాషలో డాడ్జర్స్ ఆటలకు రేడియో వ్యాఖ్యాతయై వారి యిండ్లలో వినబడుచుండెను. ఈ పోటీకి మూడు దినములకు ముందు, అక్టోబరు 22న, ఆయన 63వ యేట కన్నుమూసెను. ఆ సాయంకాలము పిచ్చరు నిలుచు తిన్నెపై ఆయన చొక్కా సంఖ్య 34 వ్రాయబడియుండెను. ఆట మొదలిడకముందు స్టేడియమంతయు లేచి మౌనము పాటించినది. ప్రేక్షకుడు మైదానమునకు పోవుటకు ఇదియు ఒక కారణమే. దుఃఖమును ఒంటరిగా ఇంటనుంచుకొనక పదిమందితో పంచుకొనవచ్చును.

ఆసనమున కూర్చున్నంతనే పాతకాలపు అభిమాని జేబునుండి పెన్సిలు తీయును. అతని యొడిలో స్కోరుకార్డు ఉండును. అందు ప్రతి స్థానమునకును ఒక సంఖ్య కలదు. పిచ్చరు 1, వెనుక నుండి పట్టువాడు 2, మొదటి బేసువాడు 3, రెండవ బేసువాడు 4, మూడవ బేసువాడు 5, రెండు, మూడు బేసుల నడుమ నిలుచువాడు 6, దూరమున ఎడమ, నడుమ, కుడివైపుల నున్నవారు 7, 8, 9. బంతిని ఆరవవాడు పట్టి నాల్గవవానికి, అతడు మూడవవానికి అందించి ఇద్దరిని అవుట్ చేసినచో అభిమాని 6–4–3 అని మాత్రము వ్రాసికొనును. ఇరువదేండ్ల తరువాత ఆ కాగితము తీసి చూచినచో ఆట మొత్తము మరల కన్నులయెదుట జరుగును. తాతలు మనుమలకు ఈ లెక్క నేర్పుట ఆ దేశమున నేటికిని కొన్ని యిండ్లలో కనబడును. ఒడిలో స్కోరుకార్డు, ఒక చేత పెన్సిలు, మరియొక చేత వేరుసెనగకాయలు లేదా ఆ మైదానమునకు పేరొందిన పొడవైన సాసేజి రొట్టె. ఇదియే ప్రేక్షకుని సరంజామా.

ఇక అరపు. మొదటి ఇన్నింగ్స్‌లో అందరును కూర్చుండియే యుందురు. తమ పిచ్చరు ఎదుటి బ్యాటరుపై రెండు స్ట్రైకులు వేసినంతనే జనము లేచి నిలువబడును, చప్పట్లు చరచును, నీలి తువ్వాళ్ళు త్రిప్పును. ఈ హోరు కేవలము ఉత్సాహసూచకము కాదు. ఎదుటి జట్టువారు ఒకరి మాట ఒకరికి వినబడక తికమకపడుదురు. పిచ్చరునకు ఎట్టి బంతి విసరవలెనో తెలుపుటకు పూర్వము వ్రేళ్ళతో సైగలు చేసెడివారు. 2022 నుండి మీటలు నొక్కి, పిచ్చరు టోపీలోని చిన్న రేడియో సాధనమునకు ఆ మాటను పంపుచున్నారు. ప్లేఆఫ్ జనఘోషలో ఆ మాట వినబడక పిచ్చర్లు టోపీని చెవికి అదుముకొనుట తరచుగా కనబడును. జనుల కంఠము రేడియోతో పోటీపడు స్థలము అదియే.

ఏడవ ఇన్నింగ్స్ నడుమ అందరును లేచి ఒళ్ళు విరుచుకొందురు. అప్పుడు 'టేక్ మీ అవుట్ టు ది బాల్ గేమ్' అను 1908 నాటి పాటను ఎల్లరును కలిసి పాడుదురు. సుస్వరమెవరును కోరరు. పరిచయము లేనివారు భుజములు కలిపి ఊగుదురు. ఆటకు సంబంధించిన పక్షపాతమంతయు ఆ రెండు నిమిషములు మరచిపోవచ్చును.

ఆ రాత్రి అయిదవ ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ ఒక పరుగు తీసిరి. ఆరవ ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఆటగాడు జియాన్‌కార్లో స్టాంటన్ రెండు పరుగుల హోమ్‌రన్ కొట్టగా స్టేడియము మూగవోయెను. ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ సమము చేసిరి. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో ప్రేక్షకుడే ఆటలో ప్రవేశించిన సంఘటన జరిగినది. యాంకీస్ బ్యాటరు గ్లేబర్ టోరెస్ కొట్టిన బంతి ఎడమవైపు గోడ సమీపమునకు రాగా, వరుసలో నున్న ప్రేక్షకుడొకడు గోడమీదుగా చేయి చాచి దానిని పట్టుకొనెను. హోమ్‌రన్ అయ్యెనేమో యని ఒక క్షణము అందరి గుండెలు ఆగినవి. ప్రేక్షకుడు మైదానములోనికి చేయి చాచి అంటినందున అంపైర్లు బ్యాటరును రెండవ బేసువద్దనే నిలిపిరి. తిరిగి చిత్రము చూచి అదే తీర్పు నిలబెట్టిరి.

ఇచ్చట ప్రేక్షకుని హక్కునకు, హద్దునకు గల భేదము తెలియును. వరుసలలో పడిన బంతి ప్రేక్షకునిదే. దానిని ఇంటికి తీసికొనిపోవచ్చును, పిల్లవాని చేతిలో పెట్టవచ్చును. ఏ ఇతర క్రీడలోను ఇంత ధారాళముగా బంతిని ఇచ్చివేయుట అరుదు. కాని గోడకు లోపల నున్న బంతి ఆటగాండ్రది. నాలుగు దినముల తరువాత న్యూయార్క్‌లో జరిగిన నాల్గవ పోటీలో, గోడవద్ద బంతి పట్టిన డాడ్జర్స్ ఆటగాని చేతితొడుగును ఇద్దరు ప్రేక్షకులు పట్టి లాగి బంతిని ఊడబెరికిరి. అంపైరు బ్యాటరును అవుట్ అనియే ప్రకటించెను. వారిని స్టేడియమునుండి వెలుపలికి పంపివేసిరి. ఆటలో భాగము కావలెనన్న కోరిక అందరికిని సహజమే. చేయి చాచుట అభిమానము కాదు. గొంతు నిచ్చుట అభిమానము.

మరల మొదటి పోటీకి వత్తము. పదవ ఇన్నింగ్స్ మొదటి సగమున యాంకీస్ ఒక పరుగు తీసి 3–2 తో ముందునకు పోయిరి. రెండవ సగమున డాడ్జర్స్ మొదటి బ్యాటరు అవుట్. తరువాతివారిద్దరు బేసులను చేరిరి. అప్పుడు జపాను దేశీయుడైన షోహెయ్ ఒహ్తానీ వచ్చెను. జనము ఆకాశమంటు కేక వేసినది. అతడు కొట్టిన తొలి బంతి పక్కకు ఎగిరెను. యాంకీస్ ఆటగాడు పరుగెత్తి దానిని పట్టి, ఆ వేగమున గోడమీదుగా ప్రేక్షకులలో పడెను. ఒహ్తానీ అవుట్. పట్టినవాడు మైదానపు హద్దు దాటి పడినందున బేసులపై నున్నవారిద్దరును ఒక్కొక్క బేసు ముందునకు జరిగిరి. ఇద్దరు అవుట్, ఒక్క అవుట్ మిగిలినది. యాంకీస్ తరువాతి బ్యాటరైన మూకీ బెట్స్‌కు బంతి వేయక కావలెననియే మొదటి బేసునకు పంపిరి. మూడు బేసులును నిండెను. ఆ తరువాతివాడు ఫ్రెడ్డీ ఫ్రీమన్. సెప్టెంబరు చివర చీలమండ బెణికి, ప్లేఆఫ్‌లలో కొన్ని పోటీలు ఆడలేక, కుంటుచు నెట్టుకొని వచ్చినవాడు.

గంట పది దాటనీ, కొండ దిగుట ఆలస్యము కానీ, ఆ క్షణమున లేచి ద్వారమువైపు నడువవలెనని ఎవరికి తోచును? 1988 నాటి ఎఱ్ఱదీపముల కథ ఆ నగరమున బిడ్డలకుకూడ తెలియును. గిబ్సన్ కొట్టిన బంతి పడిన ఆసనమును గుర్తించి 2018లో ప్రత్యేకముగా నీలిరంగు వేసియున్నారు. ఆ వరుసలలో కూర్చున్నవారు దానిని ప్రతిదినమును చూచుచునే యున్నారు.

నెస్టర్ కోర్టెజ్ విసరిన మొదటి బంతినే ఫ్రీమన్ కొట్టెను. అది కుడివైపు వరుసలలో పడెను. నాలుగు పరుగులు. డాడ్జర్స్ 6–3 తో గెలిచిరి. 1903లో ఆరంభమైన వరల్డ్ సిరీస్ చరిత్రలో గ్రాండ్ స్లామ్‌తో పోటీ ముగియుట అదియే మొదటిసారి. ఫ్రీమన్ బేసులు చుట్టివచ్చి, సహచరులను దాటి, వల వెనుక వరుసలో నున్న తన తండ్రివద్దకు పరుగెత్తెను. బాల్యమున అతనికి బంతులు విసరి ఆట నేర్పినది ఆ తండ్రియే. వల అడ్డముగా నుండగా ఇరువురును చేతులు కలిపికొనిరి. ఎంతటి ఆటగానికైనను వరుసలలో తనవాడొకడు కూర్చుండియున్నాడనుటలోనే గెలుపునకు అర్థమున్నది. డాడ్జర్స్ ఆ సిరీస్‌ను 4–1 తో గెలిచిరి.

ఇప్పుడు ఆదిలో వేసికొన్న ప్రశ్నలకు రావచ్చును. ఆట బాగుగా కనబడవలెనన్నచో ఇంటిలోని టెలివిజనే మేలు. ఆట బాగుగా అర్థము కావలెనన్నచో మంచి వ్యాఖ్యాతగల రేడియో మేలు. మైదానమునకు పోయినవానికి బంతి సరిగా కనబడదు, మెడ నొప్పెట్టును, కారు కదలదు. 1959 వరల్డ్ సిరీస్‌లో కొలీసియమ్‌నకు వచ్చిన 92,706 మందిలో బంతి తిరుగుడును కన్నులార చూచినవారెందరు? ఆ దినము తమ జట్టు 1–0 తో ఓడుటయే వారు చూచిరి. సిరీస్‌ను మాత్రము రెండు దినముల తరువాత చికాగోలో గెలిచిరి. అయినను పోయిరి, ఉండిరి. ఎందుకనగా వారు చూచుటకు మాత్రమే పోలేదు. ఏమగునో తెలియని యొక సాయంకాలమును వేలమందితో కలిసి భరించుటకు పోయిరి. అట్లు భరించుటలో ఒంటరితనము కలుగకుండుటకే చేతిలో రేడియో. అది కన్నులకు సాయము కాదు, తోడు.

ఇంట వినువారమైన మనకును వారికిని గల సంబంధము ఇచ్చటనే యున్నది. అమెరికాలో బేస్‌బాల్ పోటీ తొలిసారి రేడియోలో ప్రసారమైనది 1921లో. ఆ ఏటి వరల్డ్ సిరీస్‌కూడ రేడియోనెక్కినది. నాటినుండి నేటివరకు వ్యాఖ్యాత మాటల వెనుక సముద్రమువలె వినబడు ఘోష ఎవరిది? కడపటి అవుట్ వరకు లేచిపోని సామాన్యునిది. అతడు ముందే లేచిపోయినచో వ్యాఖ్యాత ఎంత చక్కగా పలికినను ప్రసారము బోసిపోవును. ఎనిమిదేండ్ల బాలుడొకడు రేడియో క్రింద పరుండి ఆ ఘోషనే విని జీవితమును నిర్ణయించుకొనెను.

కావున ఏ ఆట ప్రసారమునైనను విను వేళ, వ్యాఖ్యాత ఒక క్షణము మాట ఆపినప్పుడు రేడియో చెడినదని మీట త్రిప్పవలదు. కొంచెము చెవి యొగ్గి వినవలెను. అప్పుడు వినబడునది రద్దీ చప్పుడు కాదు. ఓడినను గెలిచినను ఉండి చూతమని కూర్చున్నవారి గొంతు అది.